అమ్మువాని మౌనము

కాయకము వలన లభించినదే శుద్ధమైన ధనమని శరణులు బోధించిరి. బట్టలుతుకువాడు, పడవ నడపువాడు, త్రాడు పేనువాడు తమ తమ పనులయందే శివుని దర్శించిన వృత్తాంతములు వీరశైవ కుటుంబములలో చిన్న పిల్లలకును తెలిసినవే. అయితే చేతితో చేయు పనిని గూర్చి ఇంత స్పష్టముగ మాటాడుకొను సమాజము, ఒక చేతి నుండి మరియొక చేతికి వస్తువు మారునట్టి అమ్మకమును గూర్చి అంత స్పష్టముగ ఆలోచించుట అరుదు. దుకాణదారుని తూకము సరిగ నుండవలెనని అందరును అంగీకరింతురు. కాని ఒక గృహస్థుడు జీవితమున ఒకటి రెండు పర్యాయములు మాత్రమే తాను వాడిన వస్తువును అమ్మునపుడు అతని వద్ద త్రాసు లేదు, తూకపు రాళ్లు లేవు. అతని వద్దనున్నది ఆ వస్తువును గూర్చిన ఎఱుక మాత్రమే. ఆ ఎఱుకను కొనువానికి ఇచ్చుటయా, దాచుకొనుటయా అనునది ఇచ్చట విచారింపదగిన ప్రశ్న.

హైదరాబాదునకు ఉత్తరముననున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఈ ప్రశ్న నేడు మోటారు సైకిలు రూపమున గృహస్థుల ముంగిళ్లకు వచ్చుచున్నది. 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగ నాగపూరు దిక్కునకు సాగును. రాజీవ్ రహదారి శామీర్‌పేట చెరువు ప్రక్కనుండి కరీంనగరము వైపునకు పోవును. ఈ రెంటిని కలుపుచు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కలదు గాని దాని ప్రధాన మార్గముపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. కావున దూరప్రయాణములపై మక్కువగల యువకులకు ఈ రెండు రహదారులే మిగిలినవి. ఆదివారము తెల్లవారుజామున వారి బండ్ల మ్రోత ఆ వైపు గ్రామములవారికి అలవాటైనది. 2003లో వచ్చిన 223 సీసీల కరిజ్మా, 2016 చివర వచ్చిన 373 సీసీల డామినార్ వంటివి వేగమునకును, దూరమునకును పనికివచ్చు బండ్లను మధ్యతరగతి వారికి అందుబాటులోనికి తెచ్చినవి. అట్టి బండిపై దంపతులు శ్రీశైలమునకును, బసవకల్యాణమునకును పోయి వచ్చుట ఇప్పుడు వింత కాదు.

ఇట్టి బండిని కొనినవాడు దానిని కొనినది కొనినట్లే ఉంచడు. ఎదురుగాలిని ఆపుటకు ఎత్తైన అద్దము, చేతులు నొప్పి పుట్టకుండ హ్యాండిలును పైకెత్తు దిమ్మెలు, పడినపుడు ఇంజనును కాచు ఇనుప కమ్ములు, రాత్రి ప్రయాణమునకు అదనపు దీపములు, సామాను పెట్టెలు, వాటిని మోయు చట్రములు, మెత్తని సీటు, కంపెనీవారి సైలెన్సరు స్థానమున గంభీర ధ్వని చేయు వేరొక సైలెన్సరు, ఇట్లు ఏటేట చేరుచునే యుండును. ఇంటివారికంటె బండికే ఎక్కువ సమయమిచ్చుచున్నాడని ఇంటిలో నిష్ఠురములు వినబడును. ఆ పిమ్మట వివాహమో, పిల్లల కళాశాల రుసుమో, నడుము నొప్పియో వచ్చి బండిని అమ్మవలసిన దినము వచ్చును.

అప్పటికి బండి 40,000 కిలోమీటర్లు తిరిగినదనుకొనుడు. మీటరు సత్యమునే చూపుచున్నది. ఒక వర్షాకాలమున ఆ బండి రహదారిపై జారి పడినది. ముందు ఫోర్కు గొట్టము వంగగ మెకానిక్కు దానిని సరిచేసెను. గీతలు పడిన భాగములకు రంగు వేయించిరి. వీధి చివరవరకు నడిపి చూచినచో ఏ లోపమును కనబడదు. కాని వేగము 80 దాటిన పిదప హ్యాండిలు సన్నగ వణకును. ఈ సంగతి అమ్మువానికి తెలియును, అతని మెకానిక్కునకు తెలియును. శామీర్‌పేట సందులో అయిదు నిమిషములు నడిపి చూచిన కొనువానికి తెలియదు.

కొనువాడు వచ్చి, “అన్నా, బండి ఎన్నడన్న పడ్డదా?” అని అడుగును. “నువ్వే నడిపి చూసుకో తమ్మీ, నచ్చితేనే తీసుకో” అని అమ్మువాడు బదులు చెప్పును. ఈ బదులులో అబద్ధమొక్కటియు లేదు. వినుటకు ఇది మర్యాదగ కూడ నున్నది. అయినను ఆ ప్రశ్నకు ఇది సమాధానము కాదని ఇద్దరికిని లోలోపల తెలియును. ఒకడు తొందరలోనున్నాడు, రెండవవాడు అవసరములోనున్నాడు, బేరము కుదిరిపోవును.

ఈ మౌనమును చట్టము ఎట్లు చూచుచున్నదో ముందుగ తెలిసికొనుట మంచిది. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 17వ సెక్షనులో మోసమునకు నిర్వచనము కలదు. మాటాడవలసిన బాధ్యత లేనిచోట కేవలము మౌనముగ నుండుట మోసము కాదని ఆ సెక్షను వివరణ. అందులకు చట్టకర్తలు ఒక గుఱ్ఱమును ఉదాహరణముగ తీసికొనిరి. ఆ కాలమునకు గుఱ్ఱమే మోటారు సైకిలు. ఒకడు తన గుఱ్ఱము చెడినదని తెలిసియు వేలములో మరియొకనికి అమ్మి, ఏమియు చెప్పకుండెను. ఇది మోసము కాదు. కొనువాడు “నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగుగ నున్నదని భావింతును” అని పలికినపుడు అమ్మువాడు ఊరకుండెనా, ఆ మౌనము మాటతో సమానము. 1930 నాటి వస్తు విక్రయ చట్టము కూడ సాధారణముగ కొనువాడే జాగరూకుడై యుండవలెనను సూత్రము పైననే నిలిచినది.

ఇందులో ఒక విచిత్రము కలదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, ఇల్లు గాని భూమి గాని అమ్మువాడు తనకు తెలిసినట్టియు, కొనువాడు సాధారణ జాగ్రత్తతో కనుగొనజాలనట్టియు ముఖ్యమైన లోపమును తానే వెల్లడింపవలెను. అనగా పదియేండ్ల వ్యవధిలో వచ్చిన రెండు చట్టములలో, గోడలోని పగులును గూర్చి అమ్మువాడు నోరు విప్పవలెను, గుఱ్ఱపు కాలిలోని బలహీనతను గూర్చి విప్పనక్కరలేదు. చరాస్తి కంటికెదురుగ నుండును, కొనువాడు పరీక్షించుకొనగలడు అనునది దీనికి చెప్పు కారణము. గుఱ్ఱముల కాలమున అది సమంజసమే కావచ్చును. ఫోర్కు గొట్టములోని వంపును, సరిచేసిన లోహములోని నీరసమును వీధిలో నిలబడి ఎవడు పరీక్షింపగలడు? శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము కలదు. దాని గోడకు అవతల విద్యార్థులు ఈ సెక్షనులను వల్లించుచుండగ, ఇవతల రహదారిపై ఆ గుఱ్ఱమే రోజును చేతులు మారుచున్నది.

ఈ వివాదము మన దేశమునకే పరిమితము కాదు, నేటిదియు కాదు. రోము పండితుడు సిసిరో క్రీస్తుపూర్వము 44లో తన కుమారునికై ధర్మములను గూర్చి రచించిన గ్రంథమున ఒక ధాన్యపు వర్తకుని ప్రస్తావించెను. రోడ్సు ద్వీపమున కరవు. అలెగ్జాండ్రియా నుండి ఒక ఓడ ధాన్యముతో వచ్చినది. వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని ఆ వర్తకునకు తెలియును, ద్వీపవాసులకు తెలియదు. అతడు ఆ సంగతి చెప్పి తక్కువ ధరకు అమ్మవలెనా, చెప్పక హెచ్చు ధరకు అమ్మవలెనా? బాబిలోను డయోజనీసు అను తత్త్వవేత్త, అబద్ధము చెప్పనంతవరకు దోషము లేదు, చెప్పకుండుట వేరు, దాచుట వేరు అనెను. అతని శిష్యుడు ఆంటిపేటరు అందులకు ఒప్పుకొనలేదు. తోటి మానవుల మేలుకై పుట్టినవాడవు, వారికి అవసరమైన దానిని నీలో దాచుకొనుట ఎట్లు ధర్మమగునని అడిగెను. సిసిరో శిష్యుని పక్షమే వహించెను. నీ లాభముకొఱకు ఎదుటివాడు తెలియనివాడుగనే యుండవలెనని కోరుటయే దాచుట అని అతని భావము. ఈ కొలతతో చూచినచో “నువ్వే చూసుకో తమ్మీ” అను మాట ఎటు తూగునో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను డయోజనీసు పక్షమును అంత సులభముగ త్రోసిపుచ్చరాదు. వంటయింటి బియ్యపు డబ్బా అడుగంటినదని అమ్మువాడు కొనువానికి చెప్పనక్కరలేదు. తన పెట్టెలో ఎంత అప్పున్నదో, ఎంత తొందరలో అమ్ముచున్నాడో చెప్పనక్కరలేదు. అట్టి సంగతులు అతని సొంతము. మరి వంగిన ఫోర్కు సంగతి ఎవరి సొంతము? ఈ రెంటికిని భేదమెచ్చట నున్నదో గుర్తించినచో చిక్కు చాలవరకు విడును. అప్పు అమ్మువానితోనే ఉండిపోవును. ఫోర్కు బండితో వెళ్లిపోవును. బండితో పోవు దోషమును గూర్చిన ఎఱుక కూడ బండిదే గాని అమ్మిన వానిది కాదు. తాళపుచెవిని ఇచ్చి, దానితో పాటు పోవలసిన సంగతిని ఇవ్వకుండుట, బండిలో ఒక భాగమును తీసి దాచుకొనుట వంటిది.

ఆ కొనినవాడు ఒక సెలవు దినమున భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని 200 కిలోమీటర్లు దాటిన శ్రీశైలమునకు బయలుదేరును. దోమలపెంట దాటిన పిమ్మట కృష్ణ వైపునకు దిగు మలుపులలో, పెట్టెల నిండ సామానుతో, ముందు బ్రేకు పైన భారమంతయు పడినపుడు, శామీర్‌పేటలో చెప్పబడని మాట అచ్చట వెలికి వచ్చును. అప్పటికి అమ్మినవాడు ఆ ధనముతో కట్టవలసిన రుసుము కట్టి ఆ బండిని మరచియుండును.

మరల ఒప్పందముల చట్టము వైపు చూడవలసియున్నది. ఆ 17వ సెక్షనులోని రెండవ ఉదాహరణము చట్టము చదువువారు కూడ తొందరగ దాటిపోవునట్టిది. అదే గుఱ్ఱము, అదే దోషము. కాని కొనునది అమ్మువాని కుమార్తె, అప్పుడే యుక్తవయస్సు వచ్చినది. అపుడు ఆ సంబంధమును బట్టి తండ్రి నోరు విప్పవలసినదే అని చట్టము చెప్పుచున్నది. కుమార్తెకు నిజము చెప్పవలెను, పరాయివానికి చెప్పనక్కరలేదు. చట్టము గీసిన గీత ఇది. బసవేశ్వరుడు కల్యాణమున చెరపిన గీతయు ఇట్టిదే. ఎదుట నిలిచిన వానిని ఎవడని అడుగక మనవాడని చెప్పుకొనుట శరణుల ఆచారమైనచో, బండి చూచుటకు వచ్చిన అపరిచితుడు ఆ గీతకు ఏ వైపున నిలుచును? లింగధారణ గల ఇంటివారు తమ పిల్లకు చెప్పు నిజమును మేడ్చల్ నుండి వచ్చిన తెలియని కుఱ్ఱవానికి చెప్పకున్నచో, మనవాడు అను మాట పండుగనాటి ఉపన్యాసమునకే మిగిలిపోవును. ఇది కఠినమైన అన్వయమని కొందఱనవచ్చును. కఠినమే.

నిజము చెప్పినవాడు నష్టపోవును గదా అను ఆక్షేపణ సహజము. పడినదని చెప్పగనే వచ్చినవాడు ధర తగ్గించును, లేదా ప్రక్క వీధిలో ఏమియు చెప్పని వాని వద్దకు పోవును. ఈ ఆక్షేపణను ఆర్థికశాస్త్రము కూడ గుర్తించినది. అమెరికా ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్ల విపణిని ఉదాహరణముగ తీసికొని ఒక వ్యాసము ప్రకటించెను. మంచి బండి ఏదో, చెడ్డ బండి ఏదో కొనువానికి తెలియనపుడు అతడు అన్నిటికిని నడిమి ధర మాత్రమే ఇచ్చుటకు సిద్ధపడును. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మడు, చెడ్డ బండి గలవాడే అమ్మును; క్రమముగ విపణిలో చెడ్డవే మిగులును. ఈ విధమైన పరిశోధనకే 2001లో మరిద్దరితో పాటు ఆయనకు నోబెలు బహుమానము లభించినది. దీనిని బట్టి ఒక సంగతి తేలుచున్నది. దాచినవాడు కొనువాని ధనము మాత్రమే తీసికొనుట లేదు. పడని బండిని, శ్రద్ధగ చూచుకొనిన బండిని అమ్ముకొనదలచిన పొరుగువాని జేబులోనుండి కూడ కొంత తీయుచున్నాడు. ఎందుకనగా ఆ పొరుగువాడు నిజము చెప్పినను ఎవరును నమ్మరు. “డాక్టరుగారు నడిపిన బండి”, “షోరూము కండిషను”, “ఒక్క చేతి బండి” అను మాటలు ఎంత అరిగిపోయినవో చూచినచో ఇది అర్థమగును. ఈ ప్రాంతమున డాక్టర్లు నడిపిన బండ్ల సంఖ్య డాక్టర్ల సంఖ్యను ఏనాడో దాటియుండును.

తెలిసి దాచువానికంటె చతురుడు మరియొకడు కలడు. అతడు తెలిసికొనడు. ఇంజనులో ఒక చప్పుడు మొదలైనది; మెకానిక్కుకు చూపినచో ఏదో చెప్పును; చెప్పినచో కొనువానికి చెప్పవలసివచ్చును. అందువలన చూపకయే అమ్మివేయును. అడిగినచో “నాకు తెలియదు” అని నిశ్చింతగ చెప్పగలడు. బయట శుద్ధి కనబడుచున్నది, లోపలి శుద్ధి లేదు. తెలియకుండుటకై ప్రయత్నించువాడు తెలిసినవానితో సమానుడే. తెలిసినవానికి కనీసము ఒక రాత్రియైనను నిద్ర చెడును.

ఇక బండికి చేర్చిన అదనపు సామగ్రి సంగతి. “దీనికి లక్ష పెట్టిన, సగమన్న రావాలె” అని అమ్మువాడనును. అతని బాధ నిజమైనదే. కాని ఆ లక్ష దేనికొఱకు వ్యయమైనది? కొంత బండి క్షేమమునకు, కొంత అతని సుఖమునకు, కొంత అతని ముచ్చటకు. అతని ఎత్తుకు అమర్చిన హ్యాండిలు దిమ్మెలు పొట్టివానికి భారము. అతడు ఆనందించిన ధ్వనిని అతడు నాలుగేండ్లు విని అనుభవించినాడు. అనుభవించిన దానికి మరల వెల కట్టుట ఎట్లు? ఆయ్దక్కి మారయ్య కథ ఇచ్చట స్మరింపదగినది. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యమును ఏరుకొనుట ఆయన కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా ఇల్లాలు లక్కమ్మ, ఆ అధికమును ఎచ్చట ఏరితివో అచ్చటనే విడిచి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు. ఎవరును అడుగలేదు కూడ. ఆమె చూచినది అవసరమును దాటిన ఆశను. బండికి అమర్చినవానిలో కొనువానికి పనికివచ్చువాటికి వాటి నేటి వెల కోరుట న్యాయము. మిగిలినవాటిని విప్పి వేరుగ అమ్ముకొనవచ్చును, లేదా ఊరక ఇవ్వవచ్చును. అమ్మువాని ముచ్చటకు కొనువాడు వాయిదాలు కట్టవలెననుట మాత్రము లక్కమ్మ ఒప్పుకొను లెక్క కాదు.

మార్చిన సైలెన్సరును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. 175 సీసీ దాటిన మోటారు సైకిళ్లకు తయారీ దశలో 80 డెసిబెళ్లు మించరాదని నియమము కలదు. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు పేర్కొనిన వివరములకు భేదము వచ్చునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల నొక్కి చెప్పినది. సామాను పెట్టె వేరు, సైలెన్సరు వేరు. శిక్షార్హమైన భాగమును అలంకారమని పొగడి అమ్మినవాడు, పోలీసులు ఆపిన దినమున కొనువాడు కట్టబోవు అపరాధ రుసుమును కూడ అతనికి అమ్మినట్లే. కంపెనీ సైలెన్సరును, తీసివేసిన ఇతర భాగములను గోనెసంచిలో పెట్టి అటక మీద దాచినవారు కొందఱు కలరు. ఆ సంచి బండితో పాటు పోవలెను.

ధర్మము కొనువానిని కూడ విడువదు. అమ్మువాని ముఖమున అవసరము చూచి, ఆసుపత్రి ఖర్చుకై అమ్ముచున్నాడని తెలిసి, లేని లోపములను ఎత్తిచూపి సగము ధరకు దిగలాగువాడు, లోపమును దాచువాని కవల సోదరుడే. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపునని తెలిసిన కొనువాడు, ఆ టైరు క్రొత్తదని చూచియు పాతదని దబాయించుట ఎఱుకను దాచుటయే.

కాగితముల విషయమున శ్రద్ధ సాధారణముగ ఇరువురికిని ఉండదు. రొక్కము చేతులు మారగనే పని ముగిసినదనుకొందురు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందునకు వచ్చిన ఒక వ్యవహారమున కారు ఒకరి తరువాత ఒకరికి పలువురి చేతులు మారినది. పేరు మాత్రము మొదటి యజమానిదే. ప్రమాదము జరిగినపుడు రిజిస్టరులో పేరున్నవాడే యజమాని, అతడే బాధ్యుడని న్యాయస్థానము తీర్పునిచ్చినది. చెప్పవలసినది చెప్పక అమ్మినవాడు, పేరు మార్పింపనివాడును అయినచో, ఘాటులో జరిగినదాని పత్రము శామీర్‌పేటలోని అతని ఇంటికే వచ్చును.

కావున ఆ గృహస్థుడు చేయదగిన పనులు కొద్దిపాటివే. బండిని ఒకసారి మెకానిక్కుకు చూపి, ఏ దినమున పడినది, ఏ భాగము సరిచేయబడినది, ఏది మార్చవలసియున్నది ఒక కాగితముపై వ్రాసి, బేరమునకు ముందే చదివి వినిపించి ఇవ్వవలెను. కొనువాడు వేగముగ నడిపి చూచుటకై సందు వదలి రాజీవ్ రహదారిపైకి తానే వెంటబెట్టుకొని పోవలెను. అప్పు తీరియున్నచో బ్యాంకువారి పత్రముతో ఫారము 35, అమ్మకమునకై ఫారము 29 రెండు ప్రతులు, ఫారము 30 సంతకములతో సిద్ధపరచి, రాష్ట్రములోనే అమ్మినచో 14 దినములలోపల రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. బీమా బదలాయింపునకు కొనినవాడు దరఖాస్తు చేసికొనుటకును గడువు 14 దినములే. గోనెసంచిని అటకనుండి దింపుట మరువరాదు.